జగ్గారావు కట్టిన సీసాలు

పోయిన వారం మిమ్మల్ని యారాడలో సన్యాసమ్మ గడప ముందు నిలబెట్టి వచ్చేశాను. తిట్టుకునే ఉంటారు. తిట్టుకోండి, నాకేం ఫరవాలేదు. ఆ పూట ఆ గడప ముందు నేను పడ్డదానితో చూస్తే మీ వారం రోజుల ఎదురుచూపు ఒక లెక్కా?

మరచిపోయిన వాళ్ల కోసం నాలుగు ముక్కలు. అది ఎనభై మూడు, ఆగస్టు నెల. సన్యాసమ్మ కోడలు కాశమ్మకి తెల్లవారాక ఇంట్లోనే కాన్పయింది. ఆడపిల్ల. బిడ్డకేం లేదు, తల్లికే రక్తం ఆగలేదు. కాశమ్మ మొగుడు గురువులు సైకిలు మీద కొండ దిగి, సింధియాలో ఎవరి కాళ్లో పట్టుకుని మా సంఘానికి ఫోన్ చేశాడు. డ్రైవర్ జగ్గారావు, నర్సు ఆరోగ్యమ్మ గారు, సంఘం కార్యదర్శినని పేరు పెట్టుకున్న ఈ పుష్పకుమారి, ముగ్గురం అంబులెన్స్ వేసుకుని తొమ్మిదింటికల్లా అక్కడున్నాం. ఆరోగ్యమ్మ గారు కాశమ్మ చెయ్యి పట్టుకుని గ్లూకోజు ఎక్కించబోయారు. సన్యాసమ్మ సీసా లాక్కుని, గడపకి అడ్డంగా కూర్చుంది.

"ఆ సీసా కట్టించుకున్నోడు మా ఊర్లో ఒక్కడూ బతకనేదు. నా కోడలికి కట్టనివ్వను," అంది.

ఇక్కడిదాకా మీకు తెలుసు.

నాకు కోపం వచ్చింది. భయం రావలసిన చోట ముందు కోపం రావడం నా పుట్టుకతో వచ్చిన జబ్బు. ఏ మాటైనా పడతాను కానీ, మా బండి ఎక్కినవాళ్లు బతకరన్న మాట పడలేను. ఎందుకు పడలేనో చెప్పాలంటే తొమ్మిదేళ్లు వెనక్కి వెళ్లాలి. తొందరగా వెళ్లి వచ్చేద్దాం, అక్కడ కాశమ్మకి టైము లేదు.

డెబ్భై నాలుగులో మా మేనమామ దయానందం గారు పోర్టు డిస్పెన్సరీలో కాంపౌండరు పని నుంచి రిటైరయ్యారు. వన్ టౌన్ సందుల్లోకి కారు రాదు, రిక్షాలో రోగిని పడుకోబెట్టలేం. అందుకని ఆయన ఒక అరటిపళ్ల తోపుడు బండి కొని, దాని మీద కొబ్బరిపీచు పరుపు వేసి, ముందు ఒకడు వెనక ఒకడు తోస్తూ రోగుల్ని పెద్దాసుపత్రికి చేర్చడం మొదలుపెట్టారు. వీధిలో అందరూ నవ్వారు. మా అమ్మ కూడా నవ్వింది, తమ్ముడికి రిటైరయ్యాక మతి చలించిందని. ఏడాది తిరిగేసరికి నవ్వినవాళ్లే తలా ఒక చెయ్యి వేసి వేలంలో ఒక పాత జీపు కొనిపెట్టారు. డెబ్భై ఏడులో మెటడార్ వ్యాను, ఎనభై రెండులో రెండోది. ఫిషింగ్ హార్బర్‌లో ఐసు ఫ్యాక్టరీవాళ్లు తమ ఫోను మాకు విడిచిపెట్టారు. ఏ వేళలో చేసినా ఎత్తుతారు.

ఆ పెరుగుదల మధ్యలో ఒక దెబ్బ తిన్నాం. జీపు కొన్న కొత్తలో హార్బర్‌లో మునిగిపోయిన ఒకాయన శవాన్ని జాలిపడి ఇంటికి చేర్చాం. అంతే. మూడు నెలలు హార్బర్‌వాళ్లు ఒక్కరు ఎక్కితే ఒట్టు. ఆయాసంతో ఎగశ్వాస పెడుతున్న ముసలాయన్ని కూడా రిక్షాలోనే తీసుకుపోయారు కానీ శవం ఎక్కిన బండి ఎక్కించలేదు. మావయ్య జీపుకి మళ్లీ రంగు వేయించారు. పాస్టరు గారి చేత ప్రార్థన చేయించారు. హార్బర్‌వాళ్ల తృప్తి కోసం గుమ్మడికాయ కూడా కొట్టించారు. వాటిలో ఏది పనిచేసిందో ఇప్పటికీ తెలియదు కానీ జనం మళ్లీ వచ్చారు. ఆ రోజే మావయ్య ఒక నియమం పెట్టారు. ప్రాణం ఉన్నవాళ్లకే మన బండి. శవాన్ని ఎక్కించకూడదు, ఎవరు ఏడ్చినా సరే.

ఆ నియమం మీదే ఇంత పెరిగామని నేను నమ్మాను. సంఘం మీటింగుల్లో గొప్పగా చెప్పాను కూడా.

ఇక గడప దగ్గరికి వచ్చేద్దాం. నేను సన్యాసమ్మ ముందు గొంతుక్కూర్చుని, నీకు ఈ పిచ్చి మాట ఎవరు చెప్పారని అడిగాను. ఆవిడ అరవలేదు. వేళ్లు మడుస్తూ చెప్పింది.

"మొదుట మా ఇంటాయన. ఆ ఎనక సత్యం ఆళ్ల నాన్న. ఆ పైన గంగాలమ్మ సెల్లి. మొన్న రాజులు కొడుకు. అందర్నీ మీ బండే తెచ్చింది. అందరి సేతికీ ఆ సీసా ఉంది. ఇంట్లో మంచమ్మీద పెట్టి నీల్లు పోసేతలికి పోనారు. ఒక్కడు లేసినాడేటి?"

లోపలి నుంచి ఆరోగ్యమ్మ గారు పిలిచారు. ఆవిడ రెండు చేతులతో కాశమ్మ పొత్తికడుపు నొక్కి పట్టుకుని ఉన్నారు. కిందనున్న పాత చీర మొత్తం తడిసిపోయింది. కాశమ్మ పెదవులు తెల్లబడి ఉన్నాయి. "అరగంట పుష్పా. అంతకు మించి నా చేతుల్లో లేదు. ఒంట్లోకి నీరు ఎక్కకుండా ఆ కొండ దాటించలేను," అన్నారావిడ. ముప్ఫై ఏళ్లు వార్డుల్లో పనిచేసిన మనిషి ఊరికే అనరు.

అప్పుడు నా బుర్రలో ఒక ముల్లు గుచ్చుకుంది. బండి ఎప్పుడు ఎక్కడికి వెళ్లిందో రాసుకునేది నేనే. సన్యాసమ్మ చెప్పిన ఆ నాలుగు పేర్లూ నాకు గుర్తున్నాయి. నాలుగూ ఇంటి నుంచి ఆసుపత్రికి తీసుకెళ్లిన ట్రిప్పులు కావు, ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చినవి. తిరుగు ట్రిప్పులో నర్సు ఉండదు, డ్రైవరు ఒక్కడే. మరి ఆసుపత్రివాళ్లు ఇంటికి పంపేసిన మనిషి చేతికి సీసా ఎవరు కట్టారు?

నేను వెనక్కి తిరిగి చూశాను. జగ్గారావు వ్యాను ముందు అద్దం తుడుస్తున్నాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

జగ్గారావు గురించి మీకు ఇదివరకే చెప్పాను, కొత్తగా చదివేవాళ్ల కోసం మళ్లీ చెప్తాను. శ్రీకాకుళం వైపు రైతు కుటుంబం. పోర్టులో లారీ తోలేవాడు. మేమిచ్చేది లారీ మీద వచ్చేదానిలో సగం, అయినా మెటడార్ వచ్చిన రోజే వచ్చి చేరాడు. నాకంటే పదేళ్లు పెద్ద. ఆరేళ్లలో ఒక్క రోజు కూడా ఫోను వచ్చాక టీ తాగి బయల్దేరదామని అన్నవాడు కాదు. అలాంటి మనిషిని చెయ్యి పట్టుకుని వ్యాను వెనక్కి ఈడ్చుకుపోయాను.

ఆ నాలుగు సీసాలూ ఏమిటని అడిగాను. నాలుగు కాదు, పదకొండు అన్నాడు. యారాడలో నాలుగు, మిగతావి హార్బర్‌లో. అడగని లెక్క కూడా చెప్పేశాడంటే, ఎవరైనా అడగాలని ఆరేళ్లుగా చూస్తున్నాడన్నమాట.

"ఆ సీసాలు ఆళ్లని సంపనేదు పుష్పమ్మా. నాను కట్టేతలికే ఆళ్లు లేరు."

తర్వాత సంగతి ఆయన నేల చూస్తూ చెప్పుకొచ్చాడు. మొదటిది సన్యాసమ్మ మొగుడే. ఉదయం ఆసుపత్రిలో పోయాడు. పంతొమ్మిదేళ్ల గురువులు వరండాలో ఒక్కడూ. శవాన్ని కొండ దాటించడానికి ఏ లారీవాడూ రానన్నాడు. వచ్చినా, బయట పోయిన మనిషిని ఈ ఊళ్లో గడప దాటించరు. ఊరి బయట ఇసకలో పడుకోబెట్టి అటునుంచి అటే తీసుకుపోతారు. పెళ్లాం చేత్తో నోట్లో నీళ్లు పోయించే పద్ధతి కూడా ఉండదు. మా అమ్మ చచ్చిపోతుంది మావా అంటూ గురువులు జగ్గారావు కాళ్లు పట్టుకున్నాడు. జగ్గారావుకి మా నియమం గుర్తుంది. ఆసుపత్రి వెనక పారేసిన సీసా ఒకటి ఏరి, కుళాయి నీళ్లు పట్టి, గొట్టం చివర ముసలాయన మణికట్టుకి ప్లాస్టరుతో అంటించి, దుప్పటి గుండెల దాకా కప్పాడు. ఊళ్లోకి రాగానే సీసా ఎత్తి పట్టుకుని జరగండి జరగండి అంటూ లోపలికి చేర్చాడు. సన్యాసమ్మ నీళ్లు పోసింది. అప్పుడు జగ్గారావు వంగి చూసి, పోయాడన్నాడు.

ఈ కబురు మగాళ్ల మధ్య గుసగుసగా తిరిగింది. తర్వాత తండ్రి పోయినవాడు వచ్చాడు, చెల్లెలు పోయినవాడు వచ్చాడు. ఒకడికి చేసి ఇంకొకడికి ఎలా కాదంటాడు? మగాళ్లందరికీ తెలుసు, ఆడవాళ్లకి ఒక్కరికీ తెలియదు. ఆడవాళ్లు మాత్రం కళ్లతో చూసినదాన్ని బట్టి లెక్క కట్టుకున్నారు. సీసా వచ్చింది, మనిషి పోయాడు. వాళ్లని ఏమనగలం? నేనైనా అలాగే అనుకుందును.

నాకు ఆయన్ని చెంప మీద కొట్టాలనిపించింది. తొమ్మిదేళ్ల మా సంఘాన్ని మోసం చేశాడు, మావయ్య మాట కాలదన్నాడు, మందుని విషం చేసిపెట్టాడు. ఇవన్నీ అన్నాను కూడా, పళ్లు కొరుకుతూ. మీకు అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆ వరండాలో గురువులు నా కాళ్లు పట్టుకుని ఉంటే నేనేం చేసేదాన్నో నాకు తెలియదు.

ఆ తెలియకపోవడం వల్లనేమో, ఆ నిమిషంలో నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: "ఆ పాత సీసాలు వేరు, ఇవి వేరే కంపెనీవి, మంచివి అని చెబుదాం. నేను చెబుతాను. చర్చి మనిషిని, నా మాట నమ్ముతుంది."

జగ్గారావు నా వైపు తలెత్తి చూశాడు.

"ఈ పిల్లకి దారిలో ఏటైనా అయితే? అప్పుడు కొత్త సీసా కూడా సంపేసిందంటారు. ఇంకెవ్వుడూ సెయ్యి సాపడు పుష్పమ్మా."

నాకు సిగ్గేసింది. ఆదివారం ఆదివారం ముందు వరసలో కూర్చునే దాన్ని, తడుముకోకుండా అబద్ధం అల్లేశాను. ఆరేళ్లు అబద్ధం మోసినవాడు నాకు బుద్ధి చెప్పాడు. కానీ ఆయన నిజం చెబితే ఏమవుతుందో నాకు కళ్లకు కట్టింది. పదకొండు ఇళ్లలో పదకొండు చావులు మళ్లీ జరుగుతాయి. శవం ఎక్కిన బండి అని మళ్లీ మొదలవుతుంది, ఈసారి గుమ్మడికాయలు చాలవు. సన్యాసమ్మ అయితే మా మొహాన తలుపు వేసేసినా వేసేస్తుంది, అప్పుడు కాశమ్మ ఎలాగూ దక్కదు. ఇదంతా గబగబా ఆయనకి చెప్పాను. అవునమ్మా అన్నాడు, అంటూనే నడిచాడు.

గడప ముందు ఇసకలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. గురువులు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. జగ్గారావు ఏం చెప్పబోతున్నాడో వాడికి అర్థమైనట్టుంది, వద్దన్నట్టు తల ఆడించాడు. జగ్గారావు వాడి వైపు చూడకుండా, వాళ్ల వైపు అక్కని పిలిచినట్టు సన్యాసమ్మని పిలిచాడు.

"అప్పా, మీ ఆయన ఇంట్లో పోనేదు. ఆస్పత్రిలోనే పోనాడు. నాను బండెక్కించేతలికే పేనం నేదు. ఆ సీసాలోవి కులాయి నీల్లు. నువ్వు ఇంట్లోకి రానిస్తావని నానే కట్టినాను."

సన్యాసమ్మకి వెంటనే అందలేదు. ఏదో పరాయి ఊరి సంగతి విన్నట్టు చూసింది. తర్వాత చాలా నెమ్మదిగా, చిన్నపిల్లాడికి నచ్చజెప్పినట్టు చెప్పింది.

"నీకు తెల్దు. నాను నీల్లు పోస్తే మింగినాడు. గొంతుక కదిలింది. నాను సూసినాను."

ఒక్క అబద్ధం. కదిలింది అప్పా అంటే చాలు. పెళ్లాం చేతి నీళ్లు తాగి పోయాడన్న ఆ ఒక్క తృప్తి ఆవిడకి మిగిలిపోతుంది. నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మింగాడంటే సీసా కట్టాక బతికే ఉన్నాడనే అర్థం, బతికి ఉన్నవాణ్ణి సీసాయే చంపిందని అర్థం. లోపల కాశమ్మ మూలుగు కూడా వినిపించడం మానేసింది.

"నేదప్పా. కదల్నేదు," అన్నాడు జగ్గారావు.

సన్యాసమ్మ కొడుకు వైపు చూసింది. నీకు తెలుసా అని కూడా అడగలేదు. గురువులు మొహం గోడకి తిప్పేసుకున్నాడు. ఆవిడకి అది చాలింది.

గుండెలు బాదుకుంటుందనుకున్నాను, మన్ను తీసి జగ్గారావు మొహాన కొడుతుందనుకున్నాను. ఏమీ చెయ్యలేదు. తక్కినవాళ్ల సంగతేమిటని అడిగింది. అందరూ అంతేనన్నాడు. వాళ్ల ఆడవాళ్లకి తెలుసా అంది. తెలియదన్నాడు. ఆవిడ కొంగు తీసి మొహం ఒక్కసారి గట్టిగా తుడుచుకుంది. ఒళ్లోని సీసాని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత గోడ పట్టుకుని లేచి గడప వదిలింది.

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు, నేను ఏడ్చాను. ఆరేళ్లుగా గుండెల్లో దాచుకున్నదాన్ని ఒక్క మాటతో లాగేసుకుని, దాని బదులు ఆవిడకి మేమిచ్చింది ఏముంది? కోడలు బతుకుతుందన్న మాట కూడా ఇవ్వలేదు. ఇవ్వలేం కూడా.

ఆరోగ్యమ్మ గారు ఆ సీసా అందుకుని రెండు నిమిషాల్లో సూది ఎక్కించారు. సన్యాసమ్మ కళ్లార్పకుండా చూసింది. చుక్కలు పడడం మొదలయ్యాక కోడలి నుదుటి మీద చెయ్యి వేసి తీసేసింది. పసిగుడ్డుని పక్కింటి బాలింత తీసుకుంది. గురువులూ జగ్గారావూ కాశమ్మని దుప్పటితో సహా ఎత్తి స్ట్రెచర్ మీదికి చేర్చారు. ఊళ్లో ఆడవాళ్లు నలుగురైదుగురు దూరంగా నిలబడి చూస్తున్నారు. వాళ్లలో గంగాలమ్మ కూడా ఉంది. ఆవిడ వైపు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

వెనక చోటు తక్కువ. పైగా సన్యాసమ్మ వెనకుంటే దారిలో మనసు మారి మళ్లీ సీసా పీకేస్తుందని ఆరోగ్యమ్మ గారి భయం. గురువులు సీసా పట్టుకోవడానికి వెనక ఎక్కాడు. సన్యాసమ్మని ముందు సీట్లో జగ్గారావుకీ నాకూ మధ్య కూర్చోబెట్టాం. ఏదైనా అవసరమైతే మధ్యలో ఉన్న అద్దం మీద కొడతానని ఆరోగ్యమ్మ గారు చెప్పారు.

జగ్గారావు తాళం తిప్పబోయి ఆగాడు. నాను తోలొచ్చా అప్పా, అని అడిగాడు. ఆరేళ్లలో ఆయన అలా అడగడం నేను వినలేదు. వద్దంటే ఎవరు తోలతారో నాకైతే తెలియదు.

"నువ్వే తోలు," అంది సన్యాసమ్మ. "దారిలో ఏటైనా అయితే ఆ నిమిసానే ఆపి నాకు సెప్పాల. ఎక్కడైనా సరే. ఇంకో అడుగు మొయ్యొద్దు."

ఆపుతాను అన్నాడు.

యారాడ కొండ దారి మీలో తెలిసినవాళ్లకి తెలుసు. అప్పట్లో ఇంకా అధ్వానం. ముందు రోజు వానకి మట్టి జారి, ఒకవైపు చక్రాలు రాళ్ల మీద, ఇంకోవైపు బురదలో పోతున్నాయి. జగ్గారావు రెండో గేరు దాటించకుండా, గోతి గోతికీ బ్రేకు వేస్తూ, నిద్రపోయే పిల్లని ఎత్తుకున్నట్టు తోలాడు. మొదటి మలుపు దాటాం. దిగువన సముద్రం కనిపించి మాయమైంది. సన్యాసమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఎదురుగా దారినే చూస్తోంది. నేను నాకు వచ్చిన ప్రార్థనలన్నీ చెప్పేశాను, అయిపోతే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను. శిఖరం దగ్గర ఉన్న మలుపు కూడా దాటితే ఇక దిగుడే, పది నిమిషాల్లో తారు రోడ్డు, అక్కడి నుంచి పెద్దాసుపత్రి ఎంతసేపు?

ఆ మలుపు మొదట్లో వెనక అద్దం మీద చప్పుడైంది. మూడు దెబ్బలు.

జగ్గారావు స్టీరింగ్ మీది చేతులు బిగుసుకున్నాయి. ఈ మనిషి ఇన్నేళ్లలో ఈ కొండ మీద ఎక్కడా ఆగకుండా, నోరు మెదపకుండా పదే పదే మోసుకుపోయాడు. ఇప్పుడు కూడా ఆగకుండా పోవచ్చు. దిగుడు అంచులో ఉన్నాం, బండి తనంతట తానే దిగిపోతుంది. వద్దు, ఆపకు, పోనీ అని నేను పైకే అన్నానో మనసులోనే అన్నానో నాకు జ్ఞాపకం లేదు. సన్యాసమ్మ మాత్రం దారి మీద నుంచి చూపు తిప్పలేదు.

మళ్లీ మూడు దెబ్బలు, ఈసారి గట్టిగా.

జగ్గారావు బండిని కొండవైపుకి తీసి బ్రేకు వేశాడు. ఇంజను ఆపేశాడు. వెనక తలుపు తెరుచుకున్న చప్పుడు, గురువులు కిందికి దూకిన చప్పుడు వినిపించాయి. జగ్గారావు దిగి వెనక్కి వెళ్లాడు. లోపలికి ఒక్కసారి తొంగి చూశాడు. తర్వాత తిరిగొచ్చి, మా వైపు తలుపు తీసి, సన్యాసమ్మ మొహంలోకి సూటిగా చూస్తూ నోరు విప్పాడు.